గురువారం రాని ఇల్లు

బుధవారం సాయంత్రం గడియారాలాయన కొట్టు కట్టేసే ముందు అన్ని గడియారాలకీ రెండు రోజులకి సరిపడా కీ ఇచ్చేవాడు. వెనకే ఇల్లు. ఆ ఇంటికి గురువారం రాదు. మూడేళ్ల కిందట ఓ గురువారం ఆయన భార్యని తీసుకుపోయింది, ఆ తర్వాత మళ్లీ గుమ్మం తొక్కలేదు. అక్కడ ఎవరు పడుకున్నా బుధవారం తర్వాత శుక్రవారమే తెల్లారుతుంది. పాలాయన ఆ రోజు పాలు వెయ్యడు. వీధిలో ఎవరికీ అదో వింత కాదు.

చిక్కల్లా చిన్న దావాల కోర్టుతోనే వచ్చిపడింది. బాగు చెయ్యమని ఇచ్చిన గోడగడియారం లోపలి సామాను మార్చేశాడని టీచరమ్మ దావా వేసింది. విచారణ గురువారం. వెళ్లకపోతే ఆవిడ మాటే ఖాయమైపోతుంది. నలభై ఏళ్లుగా ఒకరి గడియారంలోంచి మర కూడా కాజెయ్యనివాడు, ఈ వయసులో దొంగనిపించుకోవాలా? ఆయనకి అన్నం సయించలేదు.

బుధవారం పొద్దున్నే వాయిదా అర్జీ పట్టుకుని కోర్టుకి పరిగెత్తాడు. గుమాస్తా చదివి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"ఇవాళ ఇంకెక్కడైనా పడుకోకూడదూ?"

"చెల్లెలింట్లో పడుకుని చూశాను బాబూ. శుక్రవారం నా మంచం మీదే లేచాను."

"ఊఁ, కారణం సబబుగానే ఉంది. పై గురువారానికి వేసేదా?"

"మళ్లీ గురువారమేనా!"

"ఈ కోర్టు కూర్చునేదే గురువారాలు పెద్దాయనా, నన్నేం చెయ్యమంటారు? అవతలి పక్షం ఒప్పుకుంటే జడ్జిగారు వేరే రోజు చూస్తారు. సాయంత్రంలోగా ఆవిడ సంతకం తెండి. తేకపోతే రేపు పిలుపు తప్పదు."

టీచరమ్మ తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. లోపల మంచం మీద ఆవిడ తల్లి. గంట కొట్టినప్పుడల్లా "ఇది మన గడియారం కాదే" అని గొడవ మొదలుపెట్టింది ఈ ముసలావిడే. ఇప్పుడు ఆ ఊసూ లేదు, ఊపిరి మాత్రం ఆడుతోంది.

టీచరమ్మ అర్జీ రెండుసార్లు చదివి కుర్చీలో కూలబడింది.

"బాబాయిగారూ, మీ ఇంటికి నిజంగా గురువారం రాదా?"

"రాదమ్మా."

"అమ్మ రేపటి గురువారం దాటదన్నారు డాక్టరుగారు." ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది పాపం, దొంగ అని కోర్టుకెక్కించిన మనిషిని?

గడియారాలాయన అర్జీ మడిచి జేబులో కుక్కుకున్నాడు. "చూస్తావేంటమ్మా, దుప్పటి తీసుకో. నేను బండి పిలుస్తాను."

"మరి సంతకం?"

"సంతకానికేం తొందర! ముందు అమ్మ సంగతి చూడు."

పొద్దుగూకేలోగా ముసలావిడని ఆయన మంచం మీదకి చేర్చారు. గంట వినపడకపోతే అమ్మ నిద్రపోదని టీచరమ్మ ఆ గోడగడియారాన్నీ మోసుకొచ్చి, తనూ ఆ రాత్రికి అక్కడే ఉండిపోయింది. కోర్టు మూసేవేళ ఎప్పుడో దాటిపోయింది.

మర్నాడు గుమాస్తా ఇద్దరి పేర్లూ మూడేసిసార్లు పిలిచాడు. ఏ పక్షమూ రాలేదు. దావా కొట్టేశారు.

శుక్రవారం పొద్దున ఏడు కొట్టింది. ముసలావిడ కళ్లు తెరిచి గోడకేసి చూసింది.

"ఏమే, ఇదీ మన గడియారం! ఇన్నాళ్లూ నా చెవులకేం రోగమొచ్చిందో... పాపం ఆయన్ని ఎన్నేసి మాటలన్నానో! అది సరే, ఆకలేస్తోంది, ఏమన్నా పెడతావా లేదా?"

టీచరమ్మ తల్లిని వాటేసుకుని బావురుమంది. గడియారాలాయన పాలు పొయ్యి మీద పెడతానని వంటింట్లోకి వెళ్లాడు. పాలు కాగి పొంగాయి. ఆయన చూడలేదు. ఒక్క గురువారం, ఆ ఒక్కటీ తన భార్య కూడా దాటి ఉంటేనా అని మూడేళ్లలో మొదటిసారి గట్టిగా ఏడ్చాడు.