తొక్కల చారు

"మా ఆవిడకి ఈ కాడలు పడవండీ. తొక్కల చారంటేనే ప్రాణం" అన్నాడు లోథర్, వాకిట్లో అతిథుల గ్లాసుల్లోకి తన తోట సిల్వానర్ వైన్ వంచుతూ.

వంటింటి కిటికీలోంచి ఆ మాట రోస్వితా చెవిన పడింది. చేతిలో సగం చెక్కిన తెల్ల ఆస్పరాగస్ కాడ. మే నెల. ఆ ఊళ్ళో ద్రాక్షతోటల వాళ్ళంతా గుమ్మానికి పచ్చికొమ్మ కట్టి, వాకిట్లో బల్లలు వేసి సొంత వైన్ పోసి అమ్ముకునే రోజులు. లోథర్ పోస్తాడు, రోస్వితా వండుతుంది. వూర్జ్‌బర్గ్ పట్నం నుంచి వచ్చేవాళ్ళు ఏటా అదే పాట. "లోథర్, నీ వైన్‌కీ ఈ కాడలకీ దేవుడే పెళ్ళి కుదిర్చాడయ్యా!" లోథర్ మీసం దువ్వుకుంటాడు.

తొక్కల చారంటే ప్రాణమా? ఎప్పుడన్నాను నేను? కాపురానికొచ్చిన ఏడాది అత్తగారు గెర్లిండె పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. "చూడమ్మా, నిటారువి అతిథులకి, విరిగినవి మగాళ్ళకి. మనకి తొక్కలున్నాయిగా, ఉడకేసి ఇంత మీగడ వేస్తే అమృతం." ఆ చారు తాగి కొత్త కోడలు ఇంకేమంటుంది? బావుంది అత్తయ్యా అంది. మర్యాదకి అన్న ఆ ఒక్క మాటే తన ఇష్టమైపోయింది. వైనూ అంతే. బల్లల మీద సీసాల అడుగున మిగిలి వెచ్చబడిపోయింది, గిన్నెలు కడుగుతూ తాగడమే. చలిలో ద్రాక్షకొమ్మలు కత్తిరించింది, ఎండలో గుత్తులు కోసింది, ఆ వైన్ చల్లగా, వేడి కాడతో కలిస్తే ఎలా ఉంటుందో మాత్రం తెలీదు. ఒళ్ళు మండింది. పోనీ అబద్ధమాడుతున్నాడా అంటే అదీ కాదు, నిజంగానే నమ్ముతున్నాడు మహానుభావుడు.

"పాపం, చారుతోనే సరిపెట్టుకుంటుందా?" బయట ఎవరో ఆడమనిషి అడిగింది.

"ఏం పెట్టినా వంక పెట్టదండీ, మంచి మనిషి."

రోస్వితా బుట్టలోంచి బాగా లావుపాటివి ఏరింది. ఉప్పు, చిటికెడు పంచదార, కాస్త వెన్న వేసిన నీళ్ళలో ఉడికించి, కత్తి మొన దిగగానే దించింది. కొత్త బంగాళాదుంపలు, పల్చటి పంది తొడమాంసం పొరలు, పైన కరిగిన వెన్న. నేలమాళిగలోంచి చల్లటి సీసా తెచ్చి మూత తీసింది. అన్నీ పట్టుకుని వాకిట్లోకి నడిచి, ఖాళీ బల్ల ముందు కూర్చుంది.

కాడలో సన్నటి చేదు, మీద వెన్న. వెనకే వైన్ పులుపు వచ్చి నోరంతా కడిగేసింది. నాలుక మళ్ళీ కావాలంది. ఓసి నా తెలివి తెల్లారా, ఇన్నేళ్ళూ దీన్నేనా పరాయివాళ్ళకి వడ్డించి పంపించాను అనుకుంది.

గెర్లిండె గబగబా వచ్చింది. "అమ్మాయ్, ఎవరి పళ్ళెం అది?"

"నాదే అత్తయ్యా. మీరూ కూర్చోండి, ఇంకో ఫోర్క్ తెస్తాను."

ఆవిడ అటూ ఇటూ చూసింది. కూర్చోలేదు, కానీ కదలనూ లేదు. చూపు మాత్రం పళ్ళెం మీదే ఉంది.

ఈలోపు లోథర్ చేరాడు. "ఏంటే ఇది? అక్కడ ఇంకో రెండు పళ్ళేలు అడుగుతున్నారు, అందరూ చూస్తున్నారు" అన్నాడు గొంతు తగ్గించి.

రోస్వితా నిదానంగా గ్లాసు నింపుకుంది.

"కత్తి వంటింటి గట్టు మీదే ఉంది లోథర్. కాడ తల వదిలేసి, కింది దాకా మందంగా చెక్కు. తొక్కలు పారేయకు, ఇవాళ్టి నుంచి చారు నీకు. నాలుగేళ్ళు తాగావంటే నీకూ అదే ఇష్టమైపోతుంది."