ఏడు కిలోమీటర్ల అబద్ధం

నేను ఒక రైల్వే స్టేషను పేరు రాసిన పలకను. సిమెంటు ఒళ్లు, పసుపు రంగు, రెండు కాళ్లు. నన్ను పోత పోసింది సైదులు మేస్త్రీ. అక్షరాలు రాసింది ఖాజామియా. ఆయనకు గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పట్టేది కాదు. అందుకని మైసిగూడ మొదటి మూడేళ్లూ "మైసీగూడ"గానే ఉంది. రైల్లోంచి చూసిన ఒక తెలుగు పంతులుగారు కోపంగా కార్డు ముక్క రాశాక గానీ నా దీర్ఘం తీయలేదు.

నిజానికి మైసిగూడకు స్టేషను రావలసిన పనే లేదు. పట్నానికి కూరగాయలు మోసుకెళ్లే రైతులు పాసింజరును ఇక్కడే గొలుసు లాగి ఆపేవారు. గార్డు దిగి తిట్టేవాడు. వాళ్లు అతని చేతిలో నాలుగు వంకాయలు పెట్టేవారు. పదేళ్లు ఇలా జరిగాక రైలువాళ్లకే విసుగొచ్చి, ఎలాగూ ఆగుతోంది కదా అని హాల్టు మంజూరు చేశారు. నేను ఆ విసుగుకు పుట్టిన బిడ్డను.

తర్వాత చిన్న పట్టాలు పోయి పెద్ద పట్టాలు వచ్చాయి. ప్లాట్‌ఫారం ఎత్తు రెండుసార్లు పెంచారు, నా కాళ్లు మోకాళ్ల దాకా మట్టిలో పోయాయి. ఒకప్పుడు తలెత్తి చదివిన జనం నన్ను వంగి చదవడం మొదలుపెట్టారు. కరెంటు తీగలు, వాటి మీద కాకులు, కింద లోకల్ రైళ్లు వచ్చాయి. ఆ వెనకే విమానాశ్రయమూ వచ్చింది. మాకు కాదు, మాకు ఏడు కిలోమీటర్ల అవతల.

అయినా ఒక ఉదయం ఎవరో పెయింటరు వచ్చి నా పేరు పక్కన "ఎయిర్‌పోర్టు" అని చేర్చి పోయాడు. ఆ పూట నుంచి నేను అబద్ధాలకోరునయ్యాను.

దాని ఫలితం అనుభవించింది మాత్రం ఈదమ్మ. మైసిగూడలో టికెట్లు అమ్మేది ఆమే. భర్త పోయాక ఆ చిన్న టికెట్ గది ఆమె చేతికి వచ్చింది, ఇరవై రెండేళ్లుగా అదే ఆమె బతుకు. రోజూ ఎవరో ఒకరు పెట్టెలు ఈడ్చుకుంటూ దిగి, ఆకాశం వంకా ఆమె వంకా చూసేవారు.

"ఇమానాలేడున్నయని నన్నడిగితే నేనేం జెయ్యాలె? కొంగుల ముడేసుకున్ననా?" అనేది. తర్వాత పాపం తనే పరిగెత్తి ఆటో పిలిచేది. మూడుసార్లు పైకి అర్జీ పెట్టింది. రెండింటికి జవాబు లేదు. మూడోదానికి, పేరు నియమాల ప్రకారమే ఉన్నదని, దూరం తమ విభాగం చూడదని జవాబొచ్చింది.

ఒక మధ్యాహ్నం సుంకులమ్మ దిగింది. ఆదోని పక్క పల్లెటూరి పిల్ల, నర్సు. మస్కట్ ఆసుపత్రిలో ఉద్యోగం. విమానం మూడున్నరకు, రెండున్నరకే కౌంటరు మూసేస్తారు. అప్పటికి ఒకటిన్నర.

"పెద్దమ్మా, ఏరోప్లేన్లు యాడుండాయి?"

ఆ రోజు ఏదో సభ ఉందని ఊళ్లో ఆటోలన్నీ అటే పోయాయి. ఇద్దరూ రోడ్డు మీదికి ఉరికారు. అరగంట తర్వాత ఒక కోళ్ల వ్యాను దొరికింది. డ్రైవరు పక్కన సుంకులమ్మనూ, వెనక కోళ్ల మధ్య పెట్టెనూ ఎక్కించారు. వ్యాను వంద గజాలు పోయిందో లేదో, నా ఎదురుగానే రైలు గేటు పడింది. ముందు గూడ్సు బండి వచ్చింది. అది పోయాక లోకల్ వచ్చింది. ఈదమ్మ వెనకే పరిగెత్తుకొచ్చి గేటు పట్టుకుని ఊపింది, గేటుమనిషిని వాడి తాతతో సహా తిట్టింది. గేటు లేచేసరికి రెండున్నరకు పది నిమిషాలే ఉంది.

సాయంత్రం అదే వ్యాను సుంకులమ్మను తెచ్చి దింపింది. కౌంటరు మూసేశారట. ఆమె నా కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. తల మీద కోడి ఈక ఉంది. సిమెంటుకు సిగ్గు ఉండదంటారు. నాకు ఆ రోజు ఉంది.

"మళ్ల పంపిస్తరటనా?"

"పది దినాలకు ఇంకో టికెట్ ఇస్తామన్యారు. అదీ తప్పితే ఉద్యోగం పాయె."

"గట్లయితే పదిరోజులు మా ఇంట్లనే ఉండు. లే, అన్నం తిందువు."

మూడో రోజు ఇంకో ముసలాయన ఇలాగే దిగి, ఈదమ్మను మోసగత్తె అన్నాడు. ఆమె ఇంటికి పోయి, తలుపులకు వేసి మిగిలిన నల్లరంగు డబ్బా తెచ్చి సుంకులమ్మ చేతికిచ్చింది. ఆ పిల్ల దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. పట్టపగలు, అందరూ చూస్తుండగా నా ఛాతీ మీద రాసింది: "ఎయిర్‌పోర్టు ఇక్కడ లేదు. ఏడు కిలోమీటర్లు. తర్వాతి స్టేషనులో దిగితే బస్సు ఉంది."

పుట్టి బుద్ధెరిగాక నా మీద ఇంత నిజం ఎవరూ రాయలేదు.

తొమ్మిదో రోజున విచారణకు దక్షిణామూర్తి అనే అధికారి వచ్చాడు. ఈదమ్మ సుంకులమ్మను టికెట్ గదిలో పెట్టి తలుపేసింది. "బైటికి రాకు బిడ్డా. కేసయితే రేపు నిన్ను ఇమానం ఎక్కనియ్యరు."

"రైల్వే ఆస్తి మీద రాసిందెవరు?" అన్నాడు అధికారి.

"నేనే సారు."

"ఎందుకు?"

"పేరేమో పలక మీదుంటది, తిట్లేమో నా మీద పడ్తున్నయి."

"టికెట్ల పని పోతుంది, తెలుసా?"

"తెల్సు సారు" అంది.

ఆయన కాగితం ఇచ్చి, అదే వాక్యం రాయమన్నాడు. ఆమె చెమటలు కక్కుతూ రాసింది. ఆమె రాత కాకి తొక్కిన బురదలా ఉంది. ఆయన కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. సరిగ్గా అప్పుడే టికెట్ గదిలో ఎవరో గట్టిగా తుమ్మారు.

"ఎవరది?"

"పిల్లి సారు."

ఇంతలో లోకల్ వచ్చి ఆగింది. పెద్ద పెట్టెలతో ఒక ముసలి జంట తలుపు దగ్గర నిలబడి, నన్ను పైకి చదువుకుని, దిగకుండా వెనక్కి వెళ్లి కూర్చున్నారు. రైలు కదిలేదాకా దక్షిణామూర్తి వాళ్లనే చూశాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీ పిల్లి దస్తూరీ బాగుందమ్మా" అని, వచ్చిన రైలుకు ఎదురుబండిలో వెళ్లిపోయాడు.

నివేదికలో ఈదమ్మ పేరు లేదు. పలక శిథిలమైనది, మార్చవలెను అని మాత్రమే ఉందట. నేనేమీ శిథిలం కాలేదు. కానీ ఆమె ఉద్యోగం నిలవడానికి ఆ మాట పడినా నాకు బాధ లేదు. నెల తిరక్కుండా ఇనుప పలక వచ్చింది. దాని మీద "మైసిగూడ" అని ఉంది, అంతే. నన్ను పెరికి టికెట్ గది వెనక పడేశారు. ఈదమ్మ నన్ను రెండు రాళ్ల మీద బల్లలా వేయించుకుంది.

సుంకులమ్మ అనుకున్న రోజునే వెళ్లింది, తెల్లారగట్ల బయల్దేరి, కోళ్ల వ్యానులోనే. మొదటి జీతం అందాక, ఈదమ్మ నా మీద కూర్చుని ఉండగా తీరిగ్గా ఫోను చేసింది.

"ఆ పొద్దు బాగనే చేరినా పెద్దమ్మా. విమానం ఆగినా నేను లేయలా. ఇది మస్కటేనా, ఈడికి మస్కట్ ఎంత దూరమని ఆడ నీళ్లిచ్చే పాపను మూడుసార్లు అడిగినా. అందరూ ఒకటే నగుడు."

"నవ్వితే నవ్వనియ్యి బిడ్డా. నాలుగోసారి గూడ అడగాల్సుండె!"

అంటూ ఈదమ్మ తనే పడీ పడీ నవ్వింది. ఆ కుదుపుకు నా కింది రాయి ఒకటి పక్కకు జరిగింది. ఆమె లేచి, దాన్ని కాలితో సర్ది, కళ్లు తుడుచుకుంటూ టికెట్లు ఇవ్వడానికి పోయింది. నాలుగుంబావు లోకల్ వచ్చే వేళయింది.