అక్క కొట్టిన ఒక్క దెబ్బ

ఇంట్లో పాటలు వినడానికి మోటారుసైకిలంత ఖరీదు పోసి ఆంప్లిఫయర్ కొనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. నలభై ఏళ్ళుగా ఆ డబ్బాలు బాగుచేసుకునే బతుకుతున్నాను కాబట్టి ఆ మాత్రం అనే హక్కు నాకుంది. మూత విప్పితే దాదాపు అన్నిట్లోనూ అవే సామాన్లు. పైన దళసరి రేకు, లోపల బోలెడు ఖాళీ. ఎవరడిగినా ఇదే చెప్పేవాణ్ణి. అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి.

అలాంటిది మా అక్కే ఒకటి కొంటానని పట్టుపట్టింది.

అక్క వయసులో ఉన్నప్పుడు ఒక వాద్యబృందంలో ఉండేది. నలభైమంది వాయిస్తుంటే తను చివరి వరసలో ట్రయాంగిల్ పట్టుకుని నిలబడేది. మూడు మూలలుగా వంచిన ఉక్కు కడ్డీ అది. తాడుకి వేలాడదీసి చిన్న పుల్లతో కొడితే టింగుమంటుంది. ఆ బృందం ఒకే ఒక్క రికార్డు చేసింది. ఒక్కో పక్క ఇరవై నిమిషాలు. అందులో మా అక్క పని మొత్తం ఒక్క దెబ్బ. మొదటి పక్క, పదకొండో నిమిషం.

రికార్డు ఇంటికి రాగానే, అప్పటికి నేను స్వయంగా తయారుచేసిన మొట్టమొదటి ఆంప్లిఫయర్‌కి తగిలించి పెట్టాం. అమ్మ, నాన్న, బావ, అందరం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. పదకొండో నిమిషం వచ్చింది, పోయింది. టింగూ లేదు, టాంగూ లేదు.

"కొట్టావా, నిద్రపోయావా?" అన్నాను. ఇల్లంతా ఘొల్లుమంది. అక్క కూడా నవ్వింది. ఆవిడకి మౌనవాద్యం అని పేరు పెట్టింది కూడా నేనే. ఆ ఏడే అక్క బృందం మానేసి కళ్ళద్దాల షాపులో చేరింది. ఎందుకని అడిగితే తీరిక లేదంది.

పోయిన నెల చెవుల డాక్టరు అక్కని పరీక్ష చేశాడు. కుడి చెవి పోయినట్టేనట. ఎడమ చెవిలో ముందుగా సన్నటి శబ్దాలు పోతాయట, ఏడాది కూడా పట్టకపోవచ్చట. ఆవిడ అక్కణ్ణించి తిన్నగా నా షాపుకి వచ్చింది.

"ఆ దెబ్బ రికార్డులో ఉందో లేదో నాకు తెలియాలిరా. ఈ చెవి పోయేలోగా తెలియాలి. మంచి ఆంప్లిఫయర్ ఏదో చెప్పు."

"లేనిదాన్ని ఏ డబ్బా మాత్రం ఎక్కణ్ణించి తెస్తుందక్కా?"

"లేదని తేలినా ఫరవాలేదు. ఇక వెతుక్కోను."

నా పంతం మాత్రం పోలేదు. ఎంత ఖరీదైనదైనా తేడా ఉండదని వినిపించి తేల్చేద్దామనుకున్నాను. మా పళ్ళ డాక్టరుగారి ఆంప్లిఫయర్ రిపేరుకొచ్చి నా దగ్గరే ఉంది. ఊళ్ళో దాన్ని మించింది లేదని ఆయన గొప్ప. ఒక్క పూట వాడుకుంటానంటే, సాయంత్రం ఐదింటికి తనే అక్క ఇంటికొచ్చి తీసుకెళతానన్నాడు. ఆ బండరాయిని మోసుకుంటూ అక్క వాళ్ళ మూడో అంతస్తు ఎక్కేసరికి నా నడుం విరిగింది.

అక్క ఇంట్లో నేను చేసిన పాత డబ్బా ఇంకా ఉంది. రెండింటినీ స్పీకర్ల వెనక పెట్టి దుప్పటి అడ్డంగా కట్టాను. రికార్డు ఒకటే, స్పీకర్లూ అవే. గట్టిగా మోగేది మంచిదనిపిస్తుంది కాబట్టి, మీటరు పెట్టి రెండూ సమానంగా మోగేలా చేశాను. ఏది మోగుతోందో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

"టింగు వినబడితే చెయ్యెత్తు," అని దుప్పటి వెనక్కి వెళ్ళాను. స్పీకర్ల వెనక్కి సన్నటి శబ్దాలు సరిగా రావు. అందుకే దుప్పటి సందులోంచి అక్కని చూస్తూ నిలబడ్డాను.

ముందు నా డబ్బా. పదకొండో నిమిషం దాటింది. అక్క చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

తర్వాత డాక్టరుగారిది. అక్క కళ్ళు మూసుకుంది. ఉన్నట్టుండి ఆవిడ చెయ్యి లేచింది.

కాకతాళీయం అనుకున్నాను. చెప్పకుండా అటూ ఇటూ మార్చి ఇంకో ఐదుసార్లు పెట్టాను. పెద్దది మోగినప్పుడల్లా చెయ్యి లేచింది, అదే చోట. నాది మోగినప్పుడు ఒక్కసారీ లేవలేదు.

"లే అక్కా," అని ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

వయొలిన్లన్నీ మెల్లగా దిగుతున్నాయి. వాటి పైన, స్టీలు గ్లాసు అంచు మీద గోటితో మీటినట్టు, చిన్నగా మోగింది. అంత చిన్నది. మోగి వెంటనే పోలేదు. నలభైమంది శబ్దం మీద నిలబడి, సన్నబడి, ఇంకా సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగిపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట మా అక్క మణికట్టు కదిలిన ఆ ఒక్క క్షణం, ఎవరూ వినకపోయినా, ఆ నల్లటి గాడిలో చెక్కుచెదరకుండా ఉంది.

కాసేపటికి బుర్ర పనిచేసింది. మరి నా డబ్బాలో ఎందుకు లేదు? మూత విప్పాను. విప్పగానే కనబడింది, కందిగింజంత కండెన్సరు. ఆ రోజుల్లో ఆంప్లిఫయర్లన్నీ సన్నగా బుస కొట్టేవి. ఆ బుసని మింగేయడానికి అది పెట్టేవాణ్ణి. 'మా డబ్బా బుస కొట్టదు' అని షాపు బోర్డు మీద కూడా రాయించుకున్నాను. బుస ఏదో, అక్క కొట్టిన దెబ్బ ఏదో ఆ గింజకి తెలియదు కదా. సన్నటిదల్లా మింగేసింది. నేను చేసిన ప్రతి డబ్బాలోనూ అది ఉంది.

కటింగ్ ప్లయరుతో దాన్ని తెంపేసి రికార్డు పెట్టాను. బుస వచ్చింది. వెనకే, పెద్దదానంత సాగకపోయినా, టింగు వచ్చింది.

"నేనే నొక్కేశానక్కా," అన్నాను. ఆవిడ ఎడమ చెవి వైపుకి జరిగి మళ్ళీ చెప్పాను.

"తప్పు కొట్టాననుకున్నాన్రా," అంది అక్క. "పాడుచేశానని వాళ్ళే చెరిపేశారనుకున్నాను. అందుకే మానేశాను."

"తీరిక లేదన్నావు కదా?"

"ఇంకేం చెప్పమంటావు? మీరంతా నవ్వుతుంటే."

ఐదింటికి పళ్ళ డాక్టరు వచ్చాడు. "ఎలా ఉంది నా బండరాయి?" అన్నాడు నవ్వుతూ. నా తిట్లు ఆయనకి అలవాటే. "దాచకుండా చెబుతుంది సార్," అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి పట్టుకెళ్ళాడు.

"అలాంటిది తెమ్మంటావా అక్కా? నేనే కొంటాను."

"వద్దులే. ఉన్నదానికి నోరొచ్చిందిగా." అక్క నన్ను తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇప్పుడు నువ్వు చెయ్యెత్తు. రేపు నాకు వినబడనప్పుడు ఎక్కడుందో నువ్వే చూపించాలి."

రికార్డు తిరిగింది. పదకొండో నిమిషం వచ్చింది. చెయ్యెత్తాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "అప్పుడే కాదు. ఆగు."

ఆగాను. బుస వినబడుతోంది, వయొలిన్లు దిగుతున్నాయి. అక్క నా చెయ్యి వదిలింది. అప్పుడు మోగింది.