పుచ్చుల్లేని వంకాయలు

పుచ్చు వంకాయే మంచి వంకాయని మా క్వార్టర్సు ఆడవాళ్లకి నేర్పింది నేనే. మాది అనంతపురం, కాపురం తార్నాకలో. మా ఆయన రామాంజనేయులు యూనివర్సిటీలో బాటనీ చెబుతారు. పురుగు ముట్టని కాయ మందు కొట్టిన కాయ కావచ్చని ఆయన ఒక్కసారి అన్నారు. నేను వందసార్లు అన్నాను, ఆ 'కావచ్చు' తీసేసి. తొంభై ఆరులో మా వీధిలో చిల్లుల్లేని వంకాయ కొన్నవాళ్లని జాలిగా చూసేవాళ్లం.

ఆ ఏడే తార్నాక చౌరస్తాలో లక్ష్మీనర్సయ్య బండి పెట్టాడు. ఉప్పల్ దాటాక మడి కౌలుకి తీసుకుని, మందుల్లేకుండా పండిస్తున్నానన్నాడు. వంకాయలు నిగనిగలాడుతున్నాయి. ఒక్క చిల్లు లేదు.

"ఏమప్పా, ఎవురికి చెప్తావు కతలు? పురుగేదీ?" అని అందరి ముందూ కడిగేశాను.

మర్నాటి నుంచి మావాళ్లెవరూ ఆ బండి దగ్గర ఆగలేదు. పాపం, కాయలన్నీ బండి మీదే వడలిపోయాయి.

వారం తిరక్కుండా అతనే మా గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మా, ఊళ్లె పత్తికి మందు కొట్టి కొట్టి రెండుసార్లు దవాఖానల పడ్డ. గందుకే బంద్ వెట్టిన. కొట్టకున్నా కొట్టినవంటున్రు. రేపటిసంది కొడ్త. ఇగ చేసేదేమున్నది?"

నా నోటి దురుసుకి ఈ మనిషి మళ్లీ ఆ విషం పీల్చాలా?

"మరి పురుగెందుకు లేదప్పా?"

"వేపగింజల నీళ్లు చల్లుత. పొద్దుగాల లేచి ఒక్కొక్క ఆకు తిప్పి గుడ్లు నలుపుత. అయినా పుచ్చులు వస్తయమ్మా. గవి మా ఇంట్ల వండుకుంటం. మంచియి ఏరి మీకు తెస్త."

సిగ్గుతో చచ్చిపోయాను. వంటింట్లో బుట్టెడు పుచ్చులు పెట్టుకుని, నేను ఈయనకి పాఠం చెప్పానా!

సాయంత్రం క్వార్టర్సు ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని బండి దగ్గరికి వెళ్లాను. "ఇదో, ఇనండి. ఈయప్ప మందు కొట్టడు. పురుగుని చేత్తో ఏరతాడు. నేను చెప్పిందే తప్పు" అన్నాను. పక్కింటి సుష్మ నోరు తెరిచింది. నేను తప్పు ఒప్పుకోవడం ఆ పిల్ల ఎన్నడు చూసింది గనక!

లక్ష్మీనర్సయ్య తక్కెడ చేతిలో పట్టుకుని, మొహంలో నవ్వు కనబడనీయకుండా అన్నాడు:

"అమ్మా, జర జోరుగ చెప్పు. గా అవతల మెట్టుగూడోళ్లకు వినవడలే."

మళ్లీ చెప్పాను, ఈసారి గొంతు చించుకుని.