మూడు బెండు ముక్కలు

మెట్ల మీంచి మూడు స్వరాలు వినిపించాయి. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. పొడుగుది చివరికి వచ్చేసరికి కాస్త వంగి, తలుపు సందులోంచి తొంగిచూసినట్టుగా ఆగింది.

బెండ్లక్క చేతిలో ఆకురాయి ఆగిపోయింది. ఒక్క ఊపిరి సేపు, సరిగ్గా ఒక్క ఊపిరి సేపు, పోయినవాడు పోలేదని ఆమె నమ్మింది. ఆ తరువాత అడుగులు చెవిన పడ్డాయి. తేలిక అడుగులు, రెండేసి మెట్లు దూకే అడుగులు. తమ్ముడు ఏనాడూ అలా ఎక్కలేదు. అతనిది మెట్టుకొక విసుగు, మలుపుకొక దగ్గు. ఆమె తల వంచుకుని మళ్ళీ ఆకురాయి నడిపింది.

తలుపు తోసుకుని వచ్చింది మేనకోడలు. ఒక చేతిలో తండ్రి ట్రంపెట్, భుజాన గుడ్డసంచి, నుదుటి మీద చెమట.

“పలకవేం అత్తా? నాన్న కిందనుంచి ఇలా ఊదితే, నువ్వు పైనుంచి ఏదో పేరు పెట్టి పిలిచేదానివట. ఏం పేరని ఎన్నిసార్లు అడిగినా, మీ అత్తనే అడుగు అనేవాడు.”

“చిన్నప్పుడు సవాలక్ష అంటాం. అన్నీ గుర్తుంటాయా?” అంది బెండ్లక్క.

గుర్తుంది. ఏడాదిగా నాలుక చివరే ఉంది. చిన్నప్పుడు తమ్ముడు వంటింట్లో పొయ్యి దగ్గరుండే ఇనుప గొట్టం ఎత్తుకుపోయి, మెట్ల కింద నక్కి, బుగ్గలు పూరించి ఊదేవాడు. పొయ్యిలో మంట ఆరిపోయి తల్లి పొగలో ఉక్కిరిబిక్కిరయ్యేది. ఆ గొట్టం వెతకడానికి పంపితే, వెతికి పట్టుకున్న అక్క వాడికి ఆ పేరే ఖాయం చేసింది. ఆ పేరుతో పిలిచే హక్కు మరెవరికీ లేదని వాడూ ఖాయం చేసుకున్నాడు.

సైకిళ్ళ దుకాణం పైన ఒంటి గది ఆమెది. కిటికీకి ఎదురుగా బస్సు డిపో గోడ. పొడుగాటి బల్ల మీద జిగురు సీసాలు, బ్లేళ్ళు, కార్కు బెండు పలకలు. ఊళ్ళో బాకా ఊదేవాళ్ళందరూ ఏదో ఒకనాడు ఈ మెట్లెక్కినవాళ్ళే. ట్రంపెట్ గరాటు నోట్లో దోపి దాని గొంతు మార్చే మూతను మ్యూట్ అంటారు. ఆ మూత మెడ చుట్టూ మూడు బెండు ముక్కలు అంటించి ఉంటాయి. మూత నిలిచేది వాటి పట్టుతో, గాలి జారేది వాటి నడుమ సందుల్లోంచి. బెండు మందమైతే మూత పైపైనే నిలిచి గొంతు పెళుసుగా మోగుతుంది. అరిగితే లోపలికి దిగి గొంతు మెత్తబడుతుంది. తేడా అంతా వెంట్రుకవాసిలో ఉంటుంది. ఆ వెంట్రుకవాసిని నలభై ఏళ్ళుగా చేతివేళ్ళతో పట్టుకున్న మనిషి కాబట్టే, బ్యాండువాళ్ళంతా ఆమెను బెండ్లక్క అన్నారు.

మేనకోడలు వచ్చిన పని చిన్నదే. తండ్రి పోయి రేపటికి ఏడాది. అతని బ్యాండు అతని పేరు మీద కచేరీ పెట్టింది. పాట మధ్యలో అతను ఒక్కడే నిలబడి వాయించే భాగాన్ని రేపు సాయంత్రం కూతురు వాయించాలి. పాత జాజ్ రికార్డుల్లో వినిపించే గొంతు అది. పక్కగదిలో ఎవరో మనసులో మాట గోడతో చెప్పుకుంటున్నట్టుండే గొంతు. పిల్ల మూడు నెలలు సాధన చేసింది. స్వరాలన్నీ వచ్చాయి, గొంతు రాలేదు.

“మ్యూట్ మారిస్తే వస్తుందత్తా. సరైనది నువ్వే ఏరి పెట్టాలి,” అని సంచిలోంచి చిన్న టేపు రికార్డరు తీసి బల్ల మీద పెట్టి మీట నొక్కింది.

తమ్ముడి ఊపిరి గదిలోకి వచ్చింది. బెండ్లక్క లేచి, అవసరం లేకపోయినా, కిటికీ మూసింది.

అలా మొదలైంది ఆ మధ్యాహ్నం. అలమరలో ఉన్న మ్యూట్లన్నీ ఒక్కొక్కటే బల్ల మీదికి దిగాయి. మొదట కోసుగా ఉండే స్ట్రెయిట్ మ్యూట్. సెలవు చీటీ తిప్పికొడుతున్న గుమాస్తా గొంతులా ఉందని పిల్లే దాన్ని తీసేసింది. తరువాత నడిమధ్య గొట్టం ఉన్న అల్యూమినియం మ్యూట్. గొట్టంతో ఊదితే కందిరీగ, గొట్టం పీకి ఊదితే తలుపేసుకుని ఏడ్చి వచ్చి ఏమీ లేదని చెప్పేవాళ్ళ గొంతు. బాగుంది, కానీ నాన్నది కాదు. సింకు పొడిచే రబ్బరు కప్పును గరాటు ముందు పెట్టి మూస్తూ తెరుస్తూ ఊదినప్పుడు మాత్రం ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

“ఇది మరీ బాతు,” అంది పిల్ల.

“బాతుకీ బాధలుంటాయే,” అంది అత్త.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. దూది కుక్కిన బకెట్ మ్యూట్ కంబళి కప్పుకుని మాట్లాడింది. పాత టోపీ గరాటుకు తగిలిస్తే టోపీలాగే పలికింది. చివరికి కప్ మ్యూట్లు వచ్చాయి. గరాటు నోటికి ఎదురుగా గిన్నె బోర్లించినట్టుండేవి. మొదటిది కొంచెం దగ్గర. రెండోది ఇంకొంచెం దగ్గర. పిల్ల టేపు వినేది, ఊదేది, మళ్ళీ టేపు వినేది. దగ్గరైన కొద్దీ ఆమె ముఖం వాడిపోతూ వచ్చింది. దూరంగా ఉన్నప్పుడు ఆశకు చోటుంది, దగ్గరకొచ్చాక అది కూడా లేదు.

“నాన్న కప్ మ్యూట్ ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావు. అంచు పెచ్చులూడి, సొట్టపడి, చూడ్డానికి చెత్తకుండీలోంచి ఏరి తెచ్చినట్టుండేది. పెట్టెలో లేదు. అమ్మ ఇల్లంతా గాలించింది. నీకేమైనా తెలుసా?”

బెండ్లక్క బల్ల మీది బెండుపొడి తుడిచింది. బల్లకు మూడో సొరుగు ఉంది. దాని పిడి ఆమె మోకాలికి తగులుతోంది. కిటికీ మూసి వచ్చి కూర్చున్నప్పటి నుంచి ఆ మోకాలు కదపలేదు. అలమర ఖాళీ అయ్యేదాకా పిల్లచేత ప్రతి మూతా ఊదించడంలో ఆమె ఏరుతున్నది సరైన మ్యూట్‌ను కాదు, ఆ సొరుగు తెరవకుండా ఉండే దారిని.

పిల్ల ట్రంపెట్‌ను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పెదవులు ఎర్రగా కంది ఉన్నాయి.  మాట్లాడినప్పుడు గొంతులో కోపం కూడా మిగల్లేదు.

“రేపు నేను వాయించనని చెప్పేస్తానత్తా. నాన్న చోట నిలబడి నాన్న కాని గొంతుతో ఊదితే, ఉన్న కాస్తా చెరిపేసినట్టే కదా. టేపు పెట్టుకోమని చెప్తాను.”

అప్పుడు బెండ్లక్క మోకాలు తీసింది. సొరుగు తెరిచింది. తెల్లగుడ్డలో చుట్టి ఉన్న కప్ మ్యూట్ బయటికి తీసి, పిల్ల చేతిలో పెట్టింది. నిగనిగలాడే నల్లరంగు, అంచున సన్నని బంగారు గీత, సొట్ట అన్నది లేదు. కొత్త పెళ్ళికొడుకులా ఉంది.

పిల్ల దాన్ని దోపి ఊదింది. సగం దాకా ఊది, ఆపి, తల అడ్డంగా ఊపింది.

“ఇది కూడా కాదు. అన్నిటికన్నా శుభ్రంగా పలుకుతోంది, అంతే. ఎవరిదిది?”

“మీ నాన్నదే.”

కింద దుకాణంలో ఎవరో సైకిలు గంట మోగించి చూసుకుంటున్నారు. అది ఆగేదాకా ఇద్దరూ ఆగారు.

తరువాత బెండ్లక్క చెప్పింది. దాచకుండా, తడబడకుండా, పనిముట్ల జాబితా చదివినట్టు చెప్పింది. కిందటికి ముందటేడు తమ్ముడు ఆ మ్యూట్ తెచ్చాడు. ఒక బెండు ముక్క ఊడింది, అంటించు చాలు, అన్నాడు. ఆమెకు అది చాల్లేదు. ఊరందరి సరుకూ అద్దంలా చేసి పంపే చేతుల్లోంచి సొంత తమ్ముడిది పాతగుడ్డలా పోవడమా అనుకుంది. మిగిలిన రెండు ముక్కలూ ఒలిచేసింది. సొట్ట తీసింది, రంగు వేసింది, కొత్త బెండు మూడువైపులా సమానంగా కోసి అంటించింది. పదకొండు గంటల పని.

ఒలిచే ముందు కొలవాలన్నది ఆ వృత్తిలో మొదటి పాఠం. పాత బెండు మందం మూడుచోట్లా కొలిచి, కాగితం మీద రాసుకుని, ఆ తరువాతే బ్లేడు పెట్టాలి. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె అదే చెప్పింది. పరాయివాళ్ళ మ్యూట్ ఒక్కటైనా కొలవకుండా ఒలవలేదు. తమ్ముడిది మాత్రం కొలవలేదు. మనవాడిదేగా అనుకుంది.

ఆ బెండు ముప్పై ఏళ్ళ పాటు అతని చేతికింద అరిగింది. మూతను ఎడమచేత్తో పక్కకు మెలితిప్పి దోపడం అతని అలవాటు. ఒకవైపు ముక్క సగానికి సగం అరిగింది, మరో రెండు వాటి తీరున అవి అరిగాయి. మూత గరాటులో వంకరగా నిలిచేది. ఆ వంకరలోంచే, ఆ సందులోంచే, ఆ గొంతు వచ్చేది.

“నాన్నకి తెలుసా?” అని అడిగింది పిల్ల.

తెలుసు. వారం తిరక్కుండా వచ్చాడు. ఇప్పుడిది ఎంతో చక్కగా పలుకుతోందక్కా, నాతోనే పలకడం లేదు, అన్నాడు నవ్వుతూనే. ఆమెకు పదకొండు గంటలూ ఒక్కసారి నెత్తికెక్కాయి. వాయించడం చేతకాక వస్తువును ఆడిపోసుకుంటున్నావా, అంది. అతను మ్యూట్ బల్ల మీద పెట్టి, మెల్లగా మెట్లు దిగాడు. ఆ తరువాత ఎనిమిది నెలలు ఇద్దరికీ మాటల్లేవు. ఎనిమిదో నెలలో, సాధన మధ్యలో కుర్చీలోనే ఒరిగిపోయాడు.

పిల్ల మ్యూట్‌ను తిప్పి, మెడ చుట్టూ ఉన్న మూడు ముక్కల మీద వేలు పోనిచ్చింది.

“ఆ పాత ముక్కలు?”

“చెత్తబుట్టలో.”

“ఎంత మందం ఉండేవి? చూసి చెప్పలేవా? నీ వేళ్ళకి తెలియనిదేముంది?”

“కొలవలేదే.”

“నువ్వా?”

“నేనే.”

అయినా ఆకురాయి అందుకుంది. ఇంకేం చెయ్యాలో తెలియని చేతులు తెలిసిన పనే చేస్తాయి. ఒక వైపు నాలుగు గీతలు గీసి ఇచ్చింది. పిల్ల ఊదింది. మరో నాలుగు. ఊదింది. రెండో ముక్క మీద రెండు. ఆ ఊదులో ఒక్క స్వరం, ఒకే ఒక్కటి, పక్కగది నుంచి వచ్చినట్టు పలికింది. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.  ఇంకొక్క గీత అనుకుంది బెండ్లక్క, ఇంకొక్కటి. పొడి రాలి ఒళ్ళో పడింది. ఈసారి పిల్ల ట్రంపెట్ ఎత్తి ఊపిరి పీల్చగానే, పట్టు చాలక, మ్యూట్ గరాటులోంచి జారి నేల మీద పడింది. దొర్లుతూ పోయి బల్ల కాలికి తగిలి ఆగింది.

గీసింది మళ్ళీ అతకదు. 

బెండ్లక్క వంగి తీయబోయింది. వంగింది గానీ లేవలేకపోయింది. బల్ల కాలు పట్టుకుని అక్కడే కూలబడింది. పిల్ల వచ్చి, మ్యూట్ తీసి, అంచున కొత్తగా పడిన సొట్టను చూసి, గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది. అత్తను పైకి లేపి కూర్చోబెట్టింది. ఒక్క నిందా వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండునని బెండ్లక్క ఎదురుచూసింది.

“రేపు మూత లేకుండానే వాయిస్తాను,” అంది పిల్ల గుమ్మం దగ్గర. “నాన్నలా ఉండదు. ఇక ఎవరిదీ అలా ఉండదు.”

అడుగులు ఒక్కో మెట్టే దిగాయి. ఇప్పుడు వాటికి తొందర లేదు. తండ్రి అడుగుల్లాగే ఉన్నాయి.

బెండ్లక్క పిల్లకు చెప్పనిది ఒకటి ఉంది. తమ్ముడు పోవడానికి వారం ముందు, ఇలాగే మధ్యాహ్నం, మెట్ల మలుపు నుంచి మూడు స్వరాలు వినిపించాయి. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. అప్పుడామె బల్ల దగ్గరే ఉంది. ఎవరిదో కొలిచిన బెండు కోస్తోంది. పలికితే తగ్గినట్టవుతుందని, ఇంకోసారి ఊదనీ అప్పుడు చూద్దామని, చెయ్యి ఆపలేదు. అతను ఇంకోసారి ఊదలేదు. మలుపు దగ్గర ఆగి, ఒక దగ్గు దగ్గి, కాసేపు నిలబడి, దిగిపోయాడు. ఆ కాసేపు ఎంతసేపో ఆమె కొలవలేదు.

మెట్ల మలుపు నుంచి ట్రంపెట్ మోగింది.

మూత లేని గొంతు. రెండు పొట్టివి. పొడుగుది వంగాల్సిన చోట వంగలేదు. కందిన పెదవుల మీద చీలి, రెండు ముక్కలై, సగంలో తెగిపోయింది. అది తమ్ముడిది కాదు. దగ్గర కూడా కాదు.  పిల్ల మలుపులోనే ఆగి ఉంది. అడుగు కదలడం లేదు.

బెండ్లక్క లేచింది. చీర మడతల్లోని బెండుపొడి నేల మీద రాలింది. గుమ్మం దాటి, మెట్ల పైకొసన కటకటాలు పట్టుకుని, కింది చీకట్లోకి వంగింది.  ఊపిరి తీసుకుంది. ఏడాది ఆలస్యంగా, వినవలసినవాడు లేని మెట్ల మీదికి, పిలిచింది.

“ఊదుగొట్టం.”