అడ్డం పెట్టిన మండ

బాట మీద పుల్ల కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో ముప్పై రెండేళ్ళు చేసి దిగిపోయాక, ఖాళీగా కూర్చోలేక, లక్సెట్టిపేట అవతలి అడవిలో గుట్టకెక్కే కాలిబాటను బాగుచేసే పనికి దిగాను. జీతం లేదు, భత్యం లేదు. ఏటా వానలు వెలిసాక ప్రతి ఆదివారం ఎనిమిది మందిమి పోతాం. పడిన కొమ్మలు లాగేస్తాం, ముళ్ళకంప కొడతాం, దారి తప్పకుండా రాళ్ళకు పసుపురంగు గుర్తులు వేస్తాం. అందరికీ నేనే పెద్ద. పరశురాములు నోరు తెరిస్తే అడవి కూడా జడుస్తుందని వెనక నవ్వుకునేవాళ్ళు. అది విని నేను మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బాలమల్లు వేములవాడలో సాంచాల మీద బట్ట నేస్తాడు. "వారమంత సాంచాల మోతనే అన్నా, గీడికొస్తే చెవులకు జర నెమ్మది" అనేవాడు. డిగ్రీ అయిపోయిన కూతురు కావ్యను కూడా తీసుకొచ్చేవాడు. గుర్తులు వేసే పని ఆ పిల్లది. నన్ను పెద్దబాపూ అని పిలిచేది. నేను ఎంత కసిరినా నవ్వే మనిషి ఆ గుంపులో ఆమె ఒక్కతే.

ఆ ఆదివారం వాగు పైనున్న మలుపు దగ్గర పెద్ద మోదుగు కొమ్మ బాటకు అడ్డంగా పడి ఉంది. ఆకు ఇంకా పచ్చిగానే ఉంది. మొదలు మీద రెండు రాళ్ళున్నాయి. గాలికి విరిగిన కొమ్మ అయితే చివర పీచు లేచి ఉండాలి. ఇది గొడ్డలితో నరికింది. అదంతా నేను చూశాను. చూసి కూడా నా నోటికి వచ్చింది ఇదే.

"మేకలోళ్ళ పని గిది! మేతకు నరికి బాటల పారేసి పోయిండ్లు. బాట వాళ్ళ జాగీరా?"

రాళ్ళను కాలితో తన్నేసి మొదలు పట్టుకున్నాను. బాలమల్లు వచ్చి కొన పట్టాడు. ఇద్దరం లాగి పక్కకు తోసేశాం. సద్ది తినే వేళయిందని నేను ఈల వేశాను.

"మీరు నడువుండ్రి పెద్దబాపూ, గా మలుపుల రాయికి గుర్తేసి వస్త" అంది కావ్య.

మేం వెనక్కి చెట్టునీడకు వచ్చి మూటలు విప్పుతుండగా మట్టి జారిన చప్పుడైంది. మలుపు దగ్గర బాట పైకి గడ్డితో చక్కగా కనిపిస్తోంది గానీ, కింద మట్టినంతా వాగు ఎప్పుడో కోసేసింది. పిల్ల అడుగు పెట్టగానే అది కూలింది. కింద బండలు.

రెండు కర్రలకు దుప్పటి కట్టి, మూడు గంటలు మోసుకొచ్చాం. మేం బాగుచేసిన బాటే. కాలికి ఒక్క పుల్ల తగల్లేదు. రోడ్డు కనిపించకముందే కావ్య ఊపిరి పోయింది.

కావ్యను మట్టి చేసిన మర్నాడు బాలమల్లు చెవిన ఒక మాట పడింది. అడవి అంచు గూడెంలో మేకలు కాసుకునే అంతయ్య ఆ ఆదివారానికి రెండు రోజుల ముందే ఆ మలుపు దాకా పోయి వచ్చాడట.

"వానికి ఎరుకే అన్నా" అన్నాడు బాలమల్లు నాకు ఫోన్ చేసి. "కింద బోలువడ్డదని ఎరుకుండి ఎవ్వలికి చెప్పలే. నా బిడ్డను వాడే సంపిండు. కేసు పెడ్త."

నాలుగో రోజు అంతయ్య శ్రీరాంపూర్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"సారూ, నేను మండ అడ్డం పెట్టిన. పెద్ద మోదుగ మండ. గాలికి పోవద్దని రెండు రాళ్ళు మోపిన. మా దిక్కు పచ్చిమండ అడ్డమున్నదంటే గటు పోవద్దని లెక్క. చిన్నపిల్లలకు గూడ ఎరుకే. మీరు సూడలేదా?"

బాయిలో కప్పు బాగాలేని చోట రెండు కర్రలు అడ్డంగా కట్టేవాళ్ళం. నా సర్వీసులో ఒక్కనాడూ ఆ కర్రలు దాటలేదు. దగ్గరిదారి అవుతుందని కర్ర తీసిన ఒక కొత్త కార్మికుణ్ణి చెంప మీద కొట్టాను కూడా. భూమి లోపల అంత తెలివిగా ఉన్న నాకు, భూమి పైన మేకలు కాసుకునే మనిషి పెట్టిన మండ చెత్తలాగా కనిపించింది.

"నేను చెప్తే పిల్ల నాయిన నమ్మడు. మీరు చెప్పుండ్రి సారూ. ముసలితనంల ఠాణా మెట్లు ఎక్కియ్యకుండ్రి" అన్నాడు అంతయ్య.

చెప్పకపోతే అతను జైలుకు పోతాడు. చెబితే, బిడ్డ ప్రాణానికి కాపుగా ఉన్న మండను తను కూడా పట్టి లాగేశాడని బాలమల్లుకు తెలిసిపోతుంది. వేములవాడ బస్సులో దారి పొడవునా ఇదే నన్ను తినేసింది. దిగేసరికి ఒక అబద్ధం అల్లుకున్నాను.

సాంచాలు ఆగిపోయి ఉన్నాయి. బాలమల్లు భార్య కనకవ్వ గోడకు ఆనుకుని, కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. మర్నాడు ఠాణాలో ఇవ్వాల్సిన కాయితం రాసి గ్లాసు కింద పెట్టి ఉంది.

"అంతయ్య తప్పు లేదు బాలమల్లూ" అన్నాను. "గటు పోవద్దని ఆయన మండ అడ్డం పెట్టిండు. నేనే తీసేసిన. నువ్వు గాడ లేవు, నేనొక్కన్నే లాగేసిన."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. బాలమల్లు గ్లాసు కిందున్న కాయితం తీసి నా చేతిలో పెట్టాడు.

"గంత పెద్ద మండ ఒక్కనివల్ల యాడైతదన్నా" అన్నాడు. "నువ్వు మొదలు పట్టినవ్, నేను కొన పట్టిన."

కనకవ్వ తలెత్తి భర్త చేతుల వైపు చూసింది. అతను కూడా వాటినే చూసుకుంటున్నాడు.

"బిడ్డ వెనకనే నిలవడ్డది" అన్నాడు. "చేతులు గీరుకుంటయి, పైలం బాపూ అన్నది."