వాకోవర్‌కు లొంగని కప్పు

నేను ఒక ఫుట్‌బాల్ కప్పును. శుభవార్త వచ్చిన శుక్రవారం సాయంత్రం నా కడుపులో రెండు కిలోల ఉల్లిపాయలున్నాయి.

పుట్టింది సికింద్రాబాద్ జనరల్ బజారులో, బ్రహ్మయ్య అనే కంసాలి చేతుల్లో. లోపల రాగి, పైన వెండి పూత, రెండు చెవులు. గెలిచిన జట్టు పేరు నా ఒంటిమీద చెక్కిస్తారు. మళ్లీ పోటీ జరిగేదాకా ఆ కెప్టెన్ ఇంట్లోనే నా కాపురం. నాలో నిమ్మ షర్బత్ కలిపి మొదటి గుక్క ఓడిన కెప్టెన్‌కు ఇవ్వడం మా ఆచారం. ఒకప్పుడు ఆ గుక్క చూడడానికి జనం గోడలెక్కేవారు. రైల్వే వర్క్‌షాపు జట్టును ఓడించిన రోజు లాల్‌బజార్ దర్జీల జట్టువాళ్లు నన్ను ఊరేగిస్తూ లారీ మీంచి జారవిడిచారు. అప్పటినుంచి నా ఎడమ చెవి వంకర. ఎవరైనా సరిచేయిస్తామంటే నాకు నచ్చదు. అది నా పతకం.

తర్వాత చిన్న జట్లకు లీగే లోకమైంది. లీగు గెలిస్తే పై డివిజన్, నన్ను గెలిస్తే షర్బత్. రెండేళ్ల కిందట ఫైనల్ రోజున రెండు జట్లూ, ఎదుటివాళ్లు ఎలాగూ వస్తారులే అనుకుని, 'మేం ఆడం, వాళ్లే గెలిచినట్టు రాసుకోండి' అంటూ వాకోవర్ ఉత్తరాలు పంపాయి. షామియానా కింద నేనూ రెఫరీ మిగిలాం. ఆయన టైముకు విజిల్ ఊది, కాసేపు నిలబడి, షర్బత్ తనే తాగి వెళ్లిపోయాడు. నన్ను పాత విజేత, లాల్‌బజార్ బ్లూస్ కెప్టెన్ రూబేన్ ఇంటికే తిప్పి పంపారు. ఉల్లిపాయలు అప్పుడు మొదలయ్యాయి.

మూడు వారాల కిందట ఆ ఇంటికి కొత్త పెళ్లికూతురు కెజియా వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల. బాల్కనీలో పావురం వాలినా భర్తను పిలిచి చూపిస్తుంది. ఉల్లిపాయ తీసినప్పుడల్లా నా వంకర చెవిని ఒకసారి నిమురుతుంది.

శుక్రవారం ఫోన్ చేసింది అసోసియేషన్ కార్యదర్శి యాదగిరి.

"రూబేన్, ఈ ఏడు కప్పు నడిపిస్తున్నం. మూడు టీములొచ్చినయి, నాలుగోది మీరే. రేపు సాయంత్రంలోపు పేర్లియ్యి. మీరు గూడ రాకుంటే కప్పు తెచ్చి మా అద్దాల బీరువాల పెట్టు. ఇగ ఆ పోటీ ముచ్చటే ఉండది."

అద్దాల వెనక మెరవడం కంటే ఉల్లిపాయలు మోయడమే నయం, నన్నడిగితే.

రూబేన్ కాగితం, పెన్ను తీశాడు. "వాకోవర్ రాసిస్త. వచ్చే ఆదివారం లీగు మ్యాచుంది. మా టీముల జానీ మోకాలు బాగలేదు. కప్పు ఆట చూడనీకి కుక్క గూడ రాదు."

"నేనొస్త గద," అంది కెజియా.

"నువ్వొక్కదానివి."

"పోయినసారికి రెఫరీ ఒక్కడేనటగా. అంతకన్న నయమే."

రూబేన్ నవ్వాడు కానీ పెన్ను కింద పెట్టలేదు. కెజియా గొంతు తగ్గింది.

"పెళ్లిచూపులకు ముందు మా నాయన నాకు మీ ఫొటో ఏది చూపించిండో ఎరుకేనా? దీన్ని నెత్తిమీద పెట్టుకొని నవ్వుతున్నది. నేను ఆ మనిషికి సరే అన్న. ఉత్తరాలు రాసే మనిషికి కాదు."

అతను కాగితాన్ని పక్కకు జరిపాడు.

"మరి జానీ మోకాలు?"

"జానీ నా పక్కన కూసుంటడు. చూసెటోళ్లం ఇద్దరమైతం."

రూబేన్ పెన్నుకు మూత పెట్టాడు. లేచి, నా రెండు చెవులూ పట్టుకుని ఎత్తి ఉల్లిపాయలు బుట్టలోకి కుమ్మరించాడు. కెజియా చింతపండుతో తోముతుంటే పాత పేర్లు ఒక్కొక్కటే పైకొచ్చాయి. కింద ఇంకా చాలా పేర్లకు చోటుంది. ఆ చోటు ఖాళీగా ఉంచుకుని బీరువా ఎక్కేది లేదు.

"పోరగాళ్లు ఒప్పుకోరు, కెజియా. కప్పు పేరెత్తితే ఫోన్ కట్ చేస్తరు."

"ఫోనెందుకు? రేపు పొద్దున ఆరింటికి స్కూటర్ తీయండి. దీన్ని ఒళ్లో పెట్టుకొని వెనక కూసుంట. ఒక్కొక్కని ఇంటికీ పోదాం. ఆడనన్నోడు ఈ వంకర చెవిల చెప్పాలె, ఆడనని."